మారిషస్‌కి అమ్మానాన్నలు, ఐదేళ్ల పాపతో వెళ్దామనుకుంటున్నాం, సంక్రాంతి సెలవుల్లో ఓకేనా?

గోదారిగట్టు_అబ్బాయి:

అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాన్నగారు మొన్న రిటైరయ్యారు, ఇప్పటిదాకా ఫ్లైటే ఎక్కలేదు, ఏదన్నా దేశం చూపిస్తాను ఎక్కడికెళ్దాం అంటే దుబాయ్ కాదు సింగపూర్ కాదు మారిషస్ అన్నారు. ఎందుకంటే మా తాతగారి తాతకి తమ్ముడు ఒకాయన కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో పనికని ఆ దీవికి పోయి మళ్లీ రాలేదంట, ఉత్తరం ముక్క కూడా రాలేదంట, ఆ కథ మా ఇంట్లో ఎవరి పెళ్లైనా, ఎవరి దినమైనా ఎవరో ఒకరు ఎత్తుతారు. అందుకని నాన్నగారికి ఆ నేల చూడాలని కోరిక.

నేను, మా ఆవిడ, పాప, అమ్మ, నాన్న. మొత్తం ఐదుగురం. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని జనవరిలో ఆరు రాత్రులు అనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్యాకేజీ చూస్తే అంతా హనీమూన్ వాళ్లకి చేసినట్టుంది, క్యాండిల్ లైట్ డిన్నర్, కపుల్ మసాజ్, అమ్మానాన్నల్ని పెట్టుకుని అవన్నీ మాకెందుకండి. నా డౌట్లు ఇవి, వీసా ముందే తీసుకోవాలా, అమ్మ నాన్‌వెజ్ మానేసి పదేళ్లయింది ఆవిడకి తిండి దొరుకుతుందా, నాన్నకి షుగర్, బీపీ ఉన్నాయి మందులు తీసుకెళ్లనిస్తారా, కారు అద్దెకి తీసుకోవాలా లేక డ్రైవర్‌ని పెట్టుకోవాలా, ఏ వైపు రూమ్ తీసుకోవాలి. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, మళ్లీ మళ్లీ తీసుకెళ్లేంత డబ్బు లేదు, ఒక్కసారే సరిగ్గా చేయాలి.

ఓరుగల్లు_బిడ్డ:

అన్నా జనవరి మాత్రం ఒద్దు. మేం 2024ల సంక్రాంతికే పోయినం, అందుకే చెప్తున్న. సరిగ్గ పండుగ రోజు, జనవరి 15, బెలాల్ అని తుఫాన్ ఒచ్చింది. పొద్దున లేచేసరికి ఉత్త వానే కదా అనుకున్నం, మధ్యాహ్నానికల్ల రాజధాని పోర్ట్ లూయీల రోడ్ల మీద నీళ్లు కార్లను కొట్టుకపోతున్న వీడియోలు అందరి ఫోన్లకు ఒచ్చినయ్. ఎయిర్‌పోర్ట్ బంద్ పెట్టిండ్రు, ఎవ్వరూ బయటికి రావొద్దన్నరు. మేం గ్రాండ్ బే దిక్కు ఉంటిమి, మాకు ఏం కాలే, కానీ రెండు దినాలు రూంలనే కూసున్నం, కిటికీలు గజగజ ఒణుకుతుంటె మా ఆవిడ ఏడ్సింది. తెల్లారి చూస్తే సముద్రం మొత్తం మట్టిరంగు. మేం బుక్ చేసుకున్న బోటు ట్రిప్ పైసలు వాపస్ ఇయ్యలే, ఇన్సూరెన్స్ తీసుకోకపోవుడు మా తప్పు, మీరు మాత్రం తీసుకోండ్రి.

సంగతేందంటే ఆ దేశం భూమధ్యరేఖకు కింద ఉంటది, మనకు చలికాలమైతే వాళ్లకు ఎండాకాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఉక్క, వానలు, అండ్ల జనవరి, ఫిబ్రవరి, మార్చి తుఫాన్ల కాలం. మే నుంచి అక్టోబర్ దాకా చల్లగ, పొడిగ ఉంటది. ప్రతి ఏడాది తుఫాన్ తగుల్తదని కాదు, చానాసార్లు పక్కకెల్లి పోతది, కానీ మీరు పెద్దోళ్లను, చిన్నపిల్లను తీసుకపోతున్నరు, ఒక్కసారే పోతా అంటున్నరు, మరి ఆ రిస్క్ ఎందుకు?

ఒకవేళ ఆ నెలల్లనే పోవాల్సొస్తే వాళ్ల వార్నింగ్ లెక్క తెలుసుకోండ్రి. క్లాస్ వన్ నుంచి ఫోర్ దాకా ఉంటది. వన్ అంటే జర కనిపెట్టుకోని ఉండమని, టూ అంటే సామాను సర్దుకోమని. త్రీ ఇచ్చిండ్రంటే ఇగ కదలొద్దు, గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి దగ్గరికొస్తుందని అర్థం. బస్సులు బంద్, దుకాణాలు బంద్. ఫోర్ అంటే ఆ గాలి ఒచ్చేసినట్టే. అక్కడోళ్లు చిన్నప్పటినుంచి ఇది చూసినోళ్లు, మా హోటల్ల పనిచేసే పెద్దమ్మ ఒకామె క్లాస్ టూకే నీళ్లు పట్టిపెట్టింది, బాల్కనీల కుర్చీలు లోపలేసింది, మాకు బ్రెడ్డు, క్యాండిళ్లు తెచ్చిచ్చింది. ఆమెను ఇంకా యాది చేసుకుంటం.

ఇంకోటి, తుఫాన్ పోయినంక ఆఖరి రోజు రాత్రి బీచ్ కాడ సేగా ఆట చూసినం. రవాన్ అని మేకతోలు డప్పు ఉంటది, దాన్ని కొట్టేముందు మంట మీద కాపుతరు, అచ్చం మన డప్పు కాపినట్టే. బానిసలుగ తెచ్చిన ఆఫ్రికావాళ్ల నుంచి ఒచ్చిన ఆట అది. హోటల్ల షో కంటె ఆదివారం బీచ్‌ల కుటుంబాలు కూడినప్పుడు వాళ్లంతట వాళ్లు కొడుతరు, అది దొరికితే ఇడ్సిపెట్టకుండ్రి.

అత్తిలి_అమ్మాయి:

ఓరుగల్లు అన్న చెప్పినది నిజం, జనవరి వద్దు. మేం సెప్టెంబర్‌లో మా అత్తగారు మామగారితో వెళ్లాం, మీలాగే ఐదుగురం, హాయిగా జరిగింది. వాతావరణం మన డిసెంబర్ పగలు లాగా ఉంది, సాయంత్రం స్వెట్టర్ కావాలి, అది మాత్రం మర్చిపోకండి, ట్రాపికల్ దీవి కదా అని మేం ఒక్క స్వెట్టరూ పట్టుకెళ్లలేదు, కొండ మీద గంగా తలావ్ అనే చెరువు దగ్గర మా అత్తగారు చీర కొంగు తలకి చుట్టుకుని వణికిపోయారు.

వీసా గురించి. మన పాస్‌పోర్ట్‌కి ముందుగా వీసా అక్కర్లేదు, ఫీజు లేదు, దిగాక స్టాంప్ వేస్తారు. కానీ రిటర్న్ టికెట్, ఎక్కడ ఉంటున్నారో ఆ బుకింగ్ కాగితం, ఖర్చులకి డబ్బు ఉందని చూపించడానికి ఏదో ఒకటి, ఇవి చేతిలో ఉండాలి. మమ్మల్ని నిజంగానే అడిగారు. అన్నీ ప్రింట్ తీసి పెద్దవాళ్ల చేతికి కూడా ఒక్కో సెట్ ఇవ్వండి, ఇమిగ్రేషన్ క్యూలో విడిపోతే వాళ్లు కంగారు పడతారు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ట్రావెల్ ఫారం నింపాలి, అది వాళ్ల ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బు తీసుకుని నింపిపెట్టే సైట్ల జోలికి పోవద్దు. అలాగే 2025 అక్టోబర్ నుంచి టూరిస్టులకి మనిషికి రాత్రికి 3 యూరోలు ఫీజు పెట్టారు, పాపకి ఉండదు, మీ నలుగురికీ లెక్కేసుకోండి.

మందులు తీసుకెళ్లొచ్చండి, డాక్టర్ చీటీ ఉండాలి, స్ట్రిప్ నుంచి కత్తిరించి డబ్బాల్లో పోసుకుని వెళ్లొద్దు, కంపెనీ ప్యాకింగ్‌తోనే ఉంచండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు లాంటివి ఉంటే మాత్రం వాళ్ల ఆరోగ్యశాఖ నుంచి ముందే పర్మిషన్ గురించి కనుక్కోవాలి, ఆ దేశంలో డ్రగ్స్ చట్టం చాలా కఠినం. ఇంకొక సంగతి మన ఇళ్లకి సంబంధించింది. కరివేపాకు, పచ్చిమిర్చి, జామకాయలు, మొక్కలు, విత్తనాలు ఇవేవీ బ్యాగ్‌లో పెట్టొద్దు. ద్వీపం కదా, బయటి పురుగు ఒకటి వస్తే వాళ్ల పంట మొత్తం పోతుంది, అందుకని మొక్కకి సంబంధించినది ఏదైనా పర్మిట్ లేకుండా రానివ్వరు. చెరకు ముక్క అయితే అసలే నిషేధం. మా అత్తగారు పూజకని తులసి కొమ్మ పెట్టుకుంటే నేనే తీయించేశాను. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు కూడా 2016 నుంచి బ్యాన్, గుడ్డసంచీలు రెండు పట్టుకెళ్లండి.

తిండికి అస్సలు భయపడొద్దు, అమ్మగారికి అక్కడ పండగే. ధోల్ పూరీ అని ఉంటుంది, శనగపప్పు ఉడికించి పొడిలా చేసి పిండిలో కూరి పల్చగా కాలుస్తారు, అంటే తీపి లేని బొబ్బట్టు అనుకోండి, అందులో బీన్స్ కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిర్చి పచ్చడి వేసి చుట్టి రెండేసి ఇస్తారు. రోడ్డు పక్క బండి దగ్గరే బాగుంటుంది, హోటల్లో కాదు. గాటో పిమా అంటే మన శనగపప్పు వడే, పొద్దున్నే బ్రెడ్డులో పెట్టుకుని తింటారు వాళ్లు. ఫరాటా అంటే పరోటా. అలూదా అని పాలలో సబ్జా గింజలు వేసి ఇస్తారు, పోర్ట్ లూయీ మార్కెట్లో తాగండి, మీ పాపకి నచ్చుతుంది. అనాస ముక్కలు ఉప్పూకారం చల్లి బీచ్‌లో అమ్ముతారు, మా మామగారు రోజూ అదే. ఒక్కటే జాగ్రత్త, నూడుల్స్, ఫ్రైడ్ రైస్ లాంటివాటిలో చేప సాస్, ఆయిస్టర్ సాస్ పోసేస్తారు, గుడ్డు కూడా వేస్తారు, వెజ్ అంటే సరిపోదు, చేప మాంసం గుడ్డు ఏమీ వద్దు అని విడమరిచి చెప్పండి. ఇంగ్లీషులో చెప్పినా అర్థం చేసుకుంటారు.

కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అమ్మగారికి రాత్రి కాస్త అన్నం చారు పడితే అందరికీ ప్రశాంతం. బియ్యం, కందిపప్పు, పెరుగు అన్నీ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి.

గోదారిగట్టు_అబ్బాయి:

అయ్యబాబోయ్ ఇంత వివరంగా చెప్పారు, ఇద్దరికీ చాలా థాంక్సండి. తుఫాను సంగతి వినగానే నాన్నగారే వద్దన్నారు, 1839 తుఫానుకి కోరంగి రేవే తుడిచిపెట్టుకుపోయిన ఊరు మాది, మాకు తుఫానంటే కొత్తగా చెప్పాలా, 1996ది నాకే గుర్తుంది. అయితే దసరా సెలవులు లేదా ఉగాది, ఈ రెండిట్లో ఏది మంచిది? అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారని నాన్న ఎక్కడో చదివారంట, నిజమేనా? అక్కడే ఉండే తెలుగువాళ్లు ఎవరన్నా ఈ గ్రూప్‌లో ఉన్నారా?

ఎబెన్‌లో_వైజాగోణ్ణి:

ఉన్నానండి. ఎబెన్ సైబర్‌సిటీలో పని, ఆరేళ్లుగా ఇక్కడే. లేటుగా చూశాను, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉగాది సెలవు నిజమే. క్యాలెండర్లో ఉగాది, కావడి, మహాశివరాత్రి, వినాయక చవితి, దీపావళి, ఈద్, చైనా కొత్త సంవత్సరం, క్రిస్మస్ అన్నీ ఉంటాయి. ఫిబ్రవరి 1 బానిసత్వం రద్దయిన రోజు, నవంబర్ 2 కూలీలు వచ్చిన రోజు, ఇవి కూడా సెలవులే. మార్చి 12 వాళ్ల జాతీయ దినం, 1968లో అదే తారీఖున స్వతంత్రం వచ్చింది, 1992లో అదే తారీఖున రిపబ్లిక్ అయింది. ఉగాదికి వస్తే తెలుగువాళ్ల గుళ్లలో పూజలు, పచ్చడి, పాటలు చూడొచ్చు, చాలా బాగుంటుంది, కానీ అది మార్చి, ఏప్రిల్ మధ్య పడుతుంది కాబట్టి వాన భయం పూర్తిగా పోదు. పెద్దవాళ్లతో అయితే దసరాయే నా ఓటు. అక్టోబర్‌లో నీళ్లు కొంచెం వెచ్చబడతాయి, గాలి తగ్గుతుంది, చెరకు సగం కోసి ఉంటుంది కాబట్టి రోడ్డు మీంచి కొండలు కనిపిస్తాయి, ఆ నెల చివరికొచ్చేసరికి తురాయి చెట్లు పూయడం మొదలవుతుంది.

ఏ వైపు ఉండాలి అన్నారు కదా, ఇది అందరూ తప్పు చేసే చోటు. ఈ దీవి పొడవు 65 కిలోమీటర్లు, అడ్డం 45, అంతే, అయినా ఒక్కో వైపు ఒక్కో వాతావరణం. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయం నుంచి గాలి ఆపకుండా కొడుతుంది, బెల్ మార్ లాంటి తూర్పు తీరం బీచ్‌లు ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా ఆ నెలల్లో ముసలివాళ్లు ఇసుకలో కూర్చోలేరు. పశ్చిమాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, ఉత్తరాన ట్రూ ఓ బీష్, మోన్ ష్వాజీ, పెరెబేర్ ఇవి గాలికి చాటు. మీకైతే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అంటాను, దక్షిణాదికి కూడా దగ్గర, పొడవాటి పబ్లిక్ బీచ్, సరివి చెట్ల నీడ, నాన్నగారు పొద్దున్నే నడవొచ్చు. మధ్యలో పీఠభూమి మీద క్యూర్‌పీప్ ఉంది, అక్కడ వాన ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, రూమ్ చవగ్గా దొరికిందని అక్కడ తీసుకోకండి.

హోటల్ ముందున్న బీచ్‌లో కూర్చోనివ్వరేమో అని చాలామంది అడుగుతారు. నీళ్ల అంచున ఇసుక ఎవరి సొంతమూ కాదు, నడవొచ్చు, కూర్చోవచ్చు. ఇక్కడివాళ్లకి అది పెద్ద విషయం, ఆదివారం వస్తే బిర్యానీ గిన్నెలు, టెంట్లు, డోలకులతో కుటుంబాలకి కుటుంబాలు బీచ్‌కి దిగుతాయి.

కారు సంగతి, మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, స్టీరింగ్ కుడివైపు, రోడ్లు బాగుంటాయి, కానీ ఊళ్లలో ఇరుకు, చీకటి పడ్డాక చెరకు తోటల మధ్య లైట్లుండవు. మీరు డ్రైవింగ్‌లో పడితే నాన్నగారితో కూర్చుని కబుర్లు చెప్పడం కుదరదు. తిరిగే నాలుగు రోజులకి డ్రైవర్‌తో వ్యాన్ పెట్టుకోండి, మిగతా రెండు రోజులు బీచ్. టాక్సీలకి మీటర్ లెక్క ఉండదు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి, వెయిటింగ్ కూడా కలిపి. ఎయిర్‌పోర్ట్ ఆగ్నేయాన మాయెబూర్ దగ్గర ఉంది, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కి గంట పడుతుంది, ఆ టాక్సీ ముందే బుక్ చేసుకోండి. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో ఉంది, మన ఎల్ అండ్ టీ వాళ్లు కట్టారు, సరదాగా ఒకసారి ఎక్కండి. బస్సులు సాయంత్రం తర్వాత నమ్ముకోవద్దు.

డబ్బు, ఒక మారిషస్ రూపాయి అంటే మన రూపాయలు దాదాపు రెండు. 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ, రూపే ఇక్కడ పనిచేస్తున్నాయి కానీ ధోల్ పూరీ బండి దగ్గర అది నడవదు, చేతిలో నోట్లుండాలి. టైము మనకంటే గంటన్నర వెనక. ప్లగ్గులు మూడు చదరపు కాళ్లవి, అడాప్టర్ తెచ్చుకోండి. అంబులెన్స్ 114, ఫైర్ 115, పోలీస్ 999, ఈ మూడూ నాన్నగారి ఫోన్లో సేవ్ చేయండి.

ఇక చూసేవి. షమరెల్‌లో రంగురంగుల మట్టి, జలపాతం, ఇవి మీ డ్రైవరే తీసుకెళ్తాడు, అదే రోజు గంగా తలావ్ కలపండి. అది అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ చెరువు, పక్కన 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి లక్షలమంది తెల్లబట్టలు కట్టుకుని కావళ్లు మోసుకుంటూ కాలినడకన వస్తారు, ఆ వారం దారి పొడుగునా జనం మంచినీళ్లు, పళ్లు పంచుతారు, హిందువులే కాదు అందరూ. పాంప్లెమూస్ తోటలో పెద్ద పళ్లేల్లాంటి తామరాకులు చూపిస్తే మీ పాప అక్కణ్ణుంచి కదలదు. డోడో పక్షి గురించి కథ చెప్పి తీసుకురండి, డచ్చివాళ్లు 1598లో దిగాక వందేళ్లు కూడా తిరక్కుండా ఆ జాతే అంతరించిపోయింది, ఇప్పుడు ఇల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న దీవిలో గులాబీ రంగు పావురాల్ని, పెద్ద తాబేళ్లని కాపాడుకుంటున్నారు, అక్కడికి గైడ్‌తో పడవలో తీసుకెళ్తారు. అందరూ పడి చచ్చే ఇల్ ఓ సెర్ దీవి అయితే మీకు వద్దంటాను, పడవలు, స్పీకర్లు, జనం, పెద్దవాళ్లకి అలసటే మిగులుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఒక్క రోజు పూర్తిగా పోర్ట్ లూయీకి పెట్టండి. అక్కడ రేవు ఒడ్డున ఆప్రవాసీ ఘాట్ ఉంది, 2006లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. 1835లో బానిసత్వం పోయింది, దానికి కొంచెం ముందు నుంచే చెరకు తోటలకి మనుషులు కావాలని ఇంగ్లీషువాళ్లు ఇండియా నుంచి గిర్మిట్ కూలీల్ని, అంటే ఒప్పందం రాయించుకున్న కూలీల్ని తెచ్చారు, మొదటి ముప్పై ఆరుగురు 1834 నవంబర్ 2న దిగారు, ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లలో నాలుగున్నర లక్షలమంది పైనే. బీహార్ వాళ్లు ఎక్కువ, తమిళులు, మరాఠీలు, మనవాళ్లు. మనవాళ్లు కోరంగి రేవులో ఎక్కారు కాబట్టి వాళ్లని ఇక్కడ కోరంగీలు అనే పిలిచేవారు, మీ ఊరి పేరే జాతి పేరైంది. ఘాట్‌లో పదహారు మెట్లు ఉంటాయి, పడవ దిగినవాళ్లు ఆ మెట్లెక్కే లోపలికి వచ్చారు, పేరు రాయించుకుని ఒకటి రెండు రాత్రులు అక్కడే పడుకుని తోటలకి వెళ్లేవారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మెట్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. దగ్గర్లోనే బానిసత్వం మీద మ్యూజియం ఉంది, అదీ చూడండి. మనవాళ్ల కష్టం ఒక్కటే చూసి వచ్చేస్తే ఈ దేశం సగమే అర్థమవుతుంది. లె మోర్న్ కొండ కూడా అందుకే, పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది, 2008లో యునెస్కో గుర్తించింది, కింద బీచ్‌లో ఫొటో దిగి వెళ్లిపోతారు చాలామంది.

ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇక్కడి తెలుగువాళ్లు ఇంట్లో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి మాటల నుంచి పుట్టిన ఇక్కడి భాష. పిల్లలు స్కూల్లో తెలుగు నేర్చుకుంటారు, మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు విభాగం ఉంది, ఆంధ్ర మహాసభ ఉంది, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు, రామభజన పాటలు నోటికి పాడతారు, పాటకి అర్థం తెలియకపోయినా పాడతారు, నాలుగైదు తరాల కింద తాతలు పాడిన పాట కాబట్టి. అలాంటివాళ్లని చూసి "అయ్యో తెలుగు రాదా" అని మాత్రం అనొద్దు, వచ్చినవాళ్లు అన్నారు, నేను చూశాను, వాళ్ల మొహం వాడిపోయింది. వాళ్లు మారిషస్ వాళ్లు, ఆ దేశం మీద వాళ్లకి గర్వం. బోంజూర్ అని పలకరించండి, మెర్సి అనండి, కి మాన్యేర్ అంటే ఎలా ఉన్నారని, ఆ రెండు ముక్కలకే ఇంటికి రమ్మంటారు.

సాగరతీరం_77:

పైన ఎవరూ సముద్రం జాగ్రత్తలు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, చిన్న పాప ఉందన్నారు. మారిషస్ చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది, అలలు అక్కడే విరిగిపోతాయి, లోపల నీళ్లు చాలాచోట్ల చెరువులా ప్రశాంతంగా ఉంటాయి, అందుకే పిల్లలకి మంచిది. కానీ దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర ఆ దిబ్బ లేదు, సముద్రం నేరుగా బండలకి కొడుతుంది, అక్కడ చూడటమే, కాలు కూడా పెట్టొద్దు. దిబ్బలో పడవలు వెళ్లే సందులు ఉంటాయి, వాటి దగ్గర నీటి లాగుడు ఎక్కువ, ఎంత ఈత వచ్చినా అటు వెళ్లొద్దు.

అందరికీ రబ్బరు అడుగున్న వాటర్ షూస్ కొనండి, ఇక్కడే కొని తీసుకెళ్లండి. నీటి అడుగున ముళ్లబంతుల్లాంటి అర్చిన్లు ఉంటాయి, రాయిలా కదలకుండా పడుండే స్టోన్‌ఫిష్ ఉంటుంది, దాని మీద కాలేస్తే విషం. నాన్నగారికి షుగర్ అన్నారు కదా, కాలికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు, ఆయన్ని ఒట్టికాళ్లతో అస్సలు నడిపించొద్దు. పగడాల మీద నిలబడొద్దు, విరిచి తేవొద్దు, గవ్వలు కూడా ఏరి బ్యాగ్‌లో పెట్టుకోవద్దు. 2020లో వాకాషియో అనే ఓడ పగడాల మీదికెక్కి నూనె కారినప్పుడు అక్కడి జనం చెరకు ఆకులు, జుట్టు సంచుల్లో కుక్కి తేలే గోడలు కట్టి సముద్రాన్ని కాపాడుకున్నారు, స్కూలు పిల్లలు కూడా వచ్చి కుట్టారు. అంత ప్రేమగా చూసుకుంటారు ఆ నీళ్లని.

గోదారిగట్టు_అబ్బాయి:

చదివి వినిపించానండి ఇంట్లో. కోరంగీలు అన్న ముక్క వచ్చేసరికి నాన్న మళ్లీ చదవమన్నారు, మళ్లీ చదివాను, తర్వాత బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నారు. దసరాకే ఫిక్స్, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో కిచెన్ ఉన్న ఇల్లు, డ్రైవర్‌తో వ్యాన్ నాలుగు రోజులు. ఏజెంట్‌కి వద్దని చెప్పేశాను. వైజాగ్ అన్నయ్యా, ఒక్క చివరి డౌట్, మా తాతయ్య వాళ్ల బంధువు పేరు ఆ పాత కాగితాల్లో వెతికే వీలుంటుందా?

ఎబెన్‌లో_వైజాగోణ్ణి:

ఉంటుంది. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఆ రిజిస్టర్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరికి నంబరు, ఓడ పేరు, వచ్చిన ఏడాది, వయసు, తండ్రి పేరు, ఊరు, కులం రాసి ఉంటాయి, 1860ల తర్వాత వచ్చినవాళ్లకైతే ఫొటోలు కూడా ఉన్నాయి. నేరుగా వెళ్లి అడిగితే కుదరకపోవచ్చు, నెల ముందే వాళ్లకి ఈమెయిల్ రాయండి, ఎందుకు వెతుకుతున్నారో చెప్పండి. కష్టం ఏంటంటే రాసినవాడు తెల్లదొర గుమాస్తా, చెవికి వినబడ్డట్టు రాశాడు, అప్పలసామి అన్న పేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది, ఊరి పేరు ఇంకా దారుణం, తాలూకా పేరో జిల్లా పేరో రాసేసి ఉండొచ్చు. అందుకని పేరొక్కటే సరిపోదు. ఆయన తండ్రి పేరు, సుమారుగా ఏ ఏడాది వెళ్లారు, పెళ్లయి వెళ్లారా ఒంటరిగానా, ఇవి నాన్నగారినీ, ఇంట్లో ఇంకా పెద్దవాళ్లు ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. దొరక్కపోయినా బాధపడొద్దని ముందే చెప్పండి ఆయనకి. ఘాట్ మెట్లు మాత్రం అక్కడే ఉన్నాయి, అవి ఎవరికైనా దొరుకుతాయి.

గోదారిగట్టు_అబ్బాయి:

మా మేనత్త ఒకావిడ పల్లిపాలెంలో ఉన్నారు, ఎనభై నాలుగేళ్లు, ఆ కథ అందరికంటే బాగా ఆవిడకే తెలుసు. ఈ ఆదివారం నాన్నని తీసుకుని వెళ్తున్నాను, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫోన్లో రికార్డ్ చేసి వచ్చి ఇక్కడ రాస్తాను.